నంబరు అలాగే ఉండాలి, నెట్‌వర్క్ మారాలి

మా బాబాయి ఒకసారి తన ఫోన్ కంపెనీతో బాగా విసిగిపోయి, ముందు ఆ కనెక్షన్ రద్దు చేయించుకున్నాడు. నాలుగు రోజులు పోయాక ఇంకో కంపెనీకి వెళ్లి, "సిమ్ మీదివ్వండి, నంబరు మాత్రం నా పాతదే ఉండాలి" అన్నాడు. వాళ్లు కంప్యూటర్లో చూసి, ఆ నంబరు మీద ఇప్పుడు కనెక్షనే లేదు, మేం తెచ్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు అని చెప్పారు. అది ఆయన పద్నాలుగేళ్లు వాడిన నంబరు. చుట్టాలు, పాత స్నేహితులు, బ్యాంకు, ఉద్యోగంలో ఉన్నప్పుడు పరిచయమైన మనుషులు, అందరి దగ్గరా ఉన్నది అదొక్కటే. ఇల్లు ఖాళీ చేసి తాళం చెవులు ఇచ్చేశాక సామాను కోసం వెళ్లినట్టయింది ఆయన పని.

ఆయనను తప్పుపట్టలేను. పాతదానితో లెక్క తేల్చుకుని కొత్తది మొదలుపెట్టడం మనందరికీ అలవాటైన పద్ధతి. పాత నంబరుతోనే కంపెనీ మారడాన్ని నంబరు పోర్టింగ్ అంటారు, అందులో మాత్రం ఆ వరస తలకిందులవుతుంది. పాత కనెక్షన్ బతికి ఉండగానే కొత్త కంపెనీ వచ్చి నంబరును అందుకోవాలి. పాతదాన్ని ముగించే పని కూడా ఆ అందుకోవడంలో భాగంగానే, దానంతట అదే జరిగిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు: నంబరు కొత్త సిమ్ మీద పనిచేయడం మొదలయ్యేదాకా పాత కనెక్షన్‌ను రద్దు చేయకూడదు, దాని గడువు అయిపోనివ్వకూడదు.

ఎందుకిలా ఉందో తెలియాలంటే అసలు ఫోన్ నంబరు అంటే ఏమిటో చూడాలి.

చిరునామా పేరుగా మారిన కథ

మన నంబరు మనది అనుకుంటాం గానీ, చట్టం దృష్టిలో అది మన ఆస్తి కాదు. ప్రతి దేశంలోనూ నంబర్ల పట్టిక ప్రభుత్వం చేతిలోనో, టెలికాం నియంత్రణ సంస్థ చేతిలోనో ఉంటుంది. వాళ్లు వేలు, లక్షల చొప్పున నంబర్లను కట్టలుగా కట్టి కంపెనీలకు ఇస్తారు. కంపెనీ అందులోంచి ఒకటి తీసి మనకు వాడుకోవడానికి ఇస్తుంది. ఈ కట్టల పద్ధతి వెనుక ఒక సౌకర్యం ఉంది. నంబరులోని మొదటి అంకెలు చూస్తే చాలు, అది ఏ కంపెనీదో తెలిసిపోతుంది, కాల్‌ను నేరుగా అటు పంపేయవచ్చు. అంటే నంబరు మొదట పుట్టింది చిరునామాగా. ఊరు, వీధి, ఇల్లు అన్నీ అందులోనే ఉండేవి.

జనం దాన్ని వాడింది మాత్రం పేరులాగా. చుట్టాల ఫోన్లలో, దుకాణం బోర్డు మీద, ఆసుపత్రి రికార్డులో, బ్యాంకు ఖాతాలో ఉన్న ఆ అంకెలు మనిషికి గుర్తు అయిపోయాయి. చిరునామా మారితే ఇబ్బందే గానీ, పేరు మారడం అంతకంటే చాలా పెద్ద ఇబ్బంది. కంపెనీలకు ఇది బాగా తెలుసు. సేవ ఎంత నాసిగా ఉన్నా, నంబరు పోతుందన్న భయంతోనే చాలామంది కదలకుండా ఉండిపోయేవారు. పోటీ అన్న మాటకు అర్థం లేకుండా చేసినది ఈ భయమే. నంబరు పోర్టబిలిటీ అనే నియమం పుట్టింది దాన్ని తీసేయడానికి.

దీని మూలాలు మొబైల్ ఫోన్లలో లేవు. అమెరికాలో వ్యాపార సంస్థలు 800తో మొదలయ్యే ఉచిత కాల్ నంబర్లు వాడేవి. అప్పట్లో ఆ 800 తర్వాతి మూడు అంకెలు ఏ కంపెనీ సేవో చెప్పేవి. నంబరును ప్రకటనల్లో వేసి లక్షల మందికి గుర్తుండేలా చేసుకున్న సంస్థ, కంపెనీ మారాలంటే ఆ నంబరును వదులుకోవాల్సిందే. 1993 మేలో ఆ నంబర్లన్నిటినీ ఒక ఉమ్మడి డేటాబేస్‌లోకి తెచ్చి, కంపెనీకీ నంబరుకూ ఉన్న ముడి విప్పారు. మూడేళ్ల తర్వాత 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం స్థానిక నంబర్లకూ ఇదే హక్కు ఇచ్చింది. మొబైల్ కంపెనీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గడువు మీద గడువు వాయిదా పడుతూ పోయింది. చివరికి 2003 నవంబర్ 24న పెద్ద నగరాల్లో, 2004 మేలో మిగతాచోట్ల అమల్లోకి వచ్చింది.

అప్పటికే మరికొన్ని దేశాలు ముందుకెళ్లాయి. సింగపూర్ 1997లోనే మొదలుపెట్టింది. కాకపోతే అక్కడ మొదట చేసింది ఒక రకం సర్దుబాటు: పాత నంబరుకు వచ్చిన కాల్‌ను కొత్త కంపెనీ ఇచ్చిన మరో నంబరుకు మళ్లించడం. అసలైన పోర్టబిలిటీ అక్కడ 2008 జూన్‌లో వచ్చింది. హాంకాంగ్, బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2001లో, జపాన్ 2006 అక్టోబర్‌లో తెచ్చాయి. జపాన్‌లో మొదటి వారాంతానికే సాఫ్ట్‌బ్యాంక్ అనే మొబైల్ కంపెనీ కంప్యూటర్లు దరఖాస్తుల తాకిడికి తట్టుకోలేక, కొన్ని గంటలపాటు పోర్టింగ్‌ను ఆపేయాల్సి వచ్చింది. భారత్‌లో 2010 నవంబర్ 25న హరియాణాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ విస్తరించింది. అప్పుడు కూడా ఒక టెలికాం సర్కిల్, అంటే ఫోన్ సేవల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతాల్లో ఒకదాని లోపల మాత్రమే మారే వీలుండేది. దేశంలోని 22 సర్కిళ్ల మధ్య గోడలు తొలగింది 2015 జూలైలో.

నంబరు అదే అయినా సిమ్ ఎందుకు మారాలి

చాలామంది అడిగే ప్రశ్న ఇది. సమాధానం చాలా తేలిక. నెట్‌వర్క్‌కు మనం ఫోన్ నంబరుతో తెలియం. సిమ్ లోపల ఇంకో నంబరు ఉంటుంది, దాన్ని ఐఎంఎస్ఐ అంటారు. మామూలుగా 15 అంకెలు. మొదటి మూడు దేశాన్ని, తర్వాతి రెండో మూడో కంపెనీని చెబుతాయి, మిగతావి ఆ సిమ్‌ను చెబుతాయి. టవర్ మనను గుర్తుపట్టేది దీనితోనే. ఇది పోర్ట్ కాదు, కావడానికి వీల్లేదు, ఎందుకంటే అందులోనే కంపెనీ గుర్తు ఉంది.

మనకు తెలిసిన ఫోన్ నంబరు ఆ 15 అంకెల మీద అతికించిన చీటీ లాంటిది. ఏ చీటీ ఏ సిమ్ మీద ఉందో, ఆ సిమ్ ప్రస్తుతం ఏ ప్రాంతంలో ఉందో కంపెనీ తన రిజిస్టర్లో రాసుకుంటుంది. పోర్టింగ్ అంటే పాత కంపెనీ రిజిస్టర్లోంచి ఆ చీటీని ఊడదీసి, కొత్త కంపెనీ రిజిస్టర్లో వేరే సిమ్ మీద అతికించడం. ఈ-సిమ్ అయినా ఇంతే. ప్లాస్టిక్ ముక్క ఉండదు, ఆ సమాచారం ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అవుతుంది, అంతే తేడా. అయితే ఒకే కంపెనీలో మామూలు సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోవడం పోర్టింగ్ కాదు. దాన్నీ దీన్నీ కలిపేసుకుని కంగారు పడేవాళ్లు ఉన్నారు.

కాల్‌కు దారి ఎవరు చెబుతారు

చీటీ మారింది సరే. కానీ మనకు ఫోన్ చేసేవాళ్ల కంపెనీకి ఆ సంగతి ఎలా తెలియాలి? నంబరు మొదటి అంకెలు ఇంకా పాత కంపెనీనే చూపిస్తున్నాయి కదా. పోర్టింగ్‌లో అసలు చిక్కు అంతా ఇక్కడే ఉంది, దేశాలు వేర్వేరు దారులు పట్టిందీ ఇక్కడే.

ఒక దారి: కాల్ ఎప్పటిలాగే పాత కంపెనీకి వెళ్తుంది. వాళ్లు చూసి, ఈయన ఇప్పుడు ఫలానా కంపెనీలో ఉన్నారని కాల్‌ను అటు పంపుతారు. పాత ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు మన ఉత్తరాలు తీసుకుని మళ్లీ పంపినట్టు. పెట్టడం తేలిక, ఖర్చు తక్కువ. కానీ మనం వదిలి వచ్చిన కంపెనీ మన ప్రతి కాల్‌కూ మధ్యలో నిలబడే ఉంటుంది. వాళ్ల యంత్రం చెడితే మన ఫోన్ మోగదు. వాళ్లు దివాలా తీస్తే?

రెండో దారి: పోర్ట్ అయిన నంబర్లన్నీ ఒక ఉమ్మడి డేటాబేస్‌లో ఉంటాయి. ఫోన్ చేసినవాళ్ల కంపెనీ ప్రతి కాల్‌కూ ముందు ఆ జాబితా చూసి, నేరుగా కొత్త కంపెనీకి పంపుతుంది. ఆ జాబితాలో నంబరుకు ఎదురుగా ఒక రూటింగ్ కోడ్ ఉంటుంది. అసలు చిరునామా ఇక అదే. నంబరు పూర్తిగా పేరయిపోయింది. అమెరికా, భారత్ ఈ దారిలోనే నడిచాయి.

బ్రిటన్ మొదటి దారిలో ఉండిపోయింది. 2001లో స్కాట్లాండ్‌లో అట్లాంటిక్ టెలికాం అనే కంపెనీ మూతపడినప్పుడే, పాత కంపెనీ మీద ఆధారపడటంలోని ప్రమాదం చర్చకు వచ్చింది. నియంత్రణ సంస్థ ఆఫ్‌కాం 2007లో ఉమ్మడి డేటాబేస్‌కు మారాలని ఆదేశించింది. వోడాఫోన్ దాన్ని సవాలు చేసింది. లాభనష్టాల లెక్క సరిగా వేయలేదన్న కారణంతో 2008లో అప్పీల్ ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. నా ఉద్దేశంలో ఆఫ్‌కాం కోరినదే న్యాయం. నేను విడిచి వచ్చిన కంపెనీ బాగోగుల మీద నా ఫోన్ మోగడం ఆధారపడకూడదు. ఖర్చు ఎక్కువే కావచ్చు, కానీ వదిలి రావడం అన్న మాటకు అప్పుడే అర్థం ఉంటుంది.

ఉమ్మడి డేటాబేస్ ఉన్నచోట కూడా ఒక లోటు మిగులుతుంది. విదేశం నుంచి వచ్చే కాల్, మెసేజ్ చాలాసార్లు ఆ జాబితాను చూడలేవు. అక్కడి కంపెనీ నంబరు మొదటి అంకెలను బట్టి పాత కంపెనీ వైపే పంపుతుంది, ఇక్కడికి వచ్చాక ఎవరో దారి మళ్లించాలి. పోర్ట్ అయిన కొత్తలో దేశంలోని కాల్స్ అన్నీ వస్తూ, విదేశాల్లో ఉన్న పిల్లల కాల్స్ మాత్రం రాకపోతే, కారణం చాలావరకు ఇదే.

ముందు ఎవరిని అడగాలి

నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో సామాన్యుడికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: వెళ్లిపోతానని మనం ముందు ఎవరికి చెప్పాలి? పాత కంపెనీకా, కొత్త కంపెనీకా?

పాత కంపెనీని అడిగి తీరాలంటే, అక్కడే మనను ఆపే ప్రయత్నం మొదలవుతుంది. ఎందుకు వెళ్తున్నారు, ఈ ప్లాన్ ఇస్తాం, ఆ రాయితీ ఇస్తాం, ఒక్క నెల ఉండి చూడండి. లైన్లో గంటసేపు నిలబెట్టడం కూడా ఆపే ప్రయత్నమే. బ్రిటన్‌లో చాలాకాలం ఇదే పరిస్థితి. నంబరుతో బయటికి రావాలంటే పాత కంపెనీ నుంచి పీఏసీ అనే కోడ్ తీసుకోవాలి, దానికోసం వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాలి. 2019 జూలై 1 నుంచి అది మారింది. 65075కు పీఏసీ అని మెసేజ్ పెడితే నిమిషంలో కోడ్ వస్తుంది, 30 రోజులు చెల్లుతుంది, కొత్త కంపెనీకి ఇస్తే మరుసటి పనిదినానికి నంబరు మారిపోవాలి. మనిషితో మాట్లాడక్కర్లేదు. చూడటానికి ఇంత చిన్న మార్పే, కానీ మొహమాటపడేవాళ్లకు, గట్టిగా వద్దనలేనివాళ్లకు దీని విలువ చాలా పెద్దది.

అమెరికాలో కొత్త కంపెనీయే అన్నీ చూసుకుంటుంది. పాత ఖాతా నంబరు, బదిలీ పిన్, పేరు, చిరునామా ఇస్తే చాలు. భారత్‌లో ఉన్నది మధ్యేమార్గం. పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కు మెసేజ్ పెట్టాలి. ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ వస్తుంది. దాన్ని కొత్త కంపెనీకి ఇవ్వాలి. 2019 డిసెంబర్ 16కు ముందు ఈ పద్ధతిలో ఒక పెద్ద బాధ ఉండేది. కోడ్ వచ్చేది, కొత్త సిమ్ తీసుకునేవాళ్లం, ఎదురుచూసేవాళ్లం, చివర్లో పాత కంపెనీ ఏదో కారణం చూపి తిరస్కరించేది. ఇప్పుడు ఆ తనిఖీలన్నీ కోడ్ పుట్టకముందే జరుగుతాయి. పోస్ట్‌పెయిడ్ బాకీ ఉందా, కనెక్షన్ తీసుకుని 90 రోజులు దాటాయా, యాజమాన్యం మార్చే దరఖాస్తు ఏదైనా పెండింగులో ఉందా, కోర్టు వివాదం ఉందా అన్నవి చూసి, అన్నీ సరిగా ఉంటేనే కోడ్ ఇస్తారు. కోడ్ చేతికి వచ్చిందంటే దారి చాలావరకు తెరుచుకున్నట్టే. అది నాలుగు రోజులు చెల్లుతుంది. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 30 రోజులు. ఒకే సర్కిల్ లోపల మూడు పనిదినాల్లో, వేరే సర్కిల్‌కైతే అయిదు పనిదినాల్లో మార్పు పూర్తవ్వాలి.

బాకీ విషయంలో దేశాల మధ్య తేడా గమనించదగ్గది. అమెరికా నియమం ప్రకారం మీరు పాత కంపెనీకి డబ్బు బాకీ ఉన్నా సరే, వాళ్లు నంబరు ఆపలేరు. బాకీ బాకీయే, దాన్ని వాళ్లు వేరుగా వసూలు చేసుకోవాలి. భారత్‌లో గడువు దాటిన పోస్ట్‌పెయిడ్ బిల్లు ఉంటే అసలు కోడే రాదు. బాకీదారు పారిపోతాడన్న కంపెనీల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ మనిషి పేరును తాకట్టు పెట్టుకోవడం నాకు సరిగా అనిపించదు. బిల్లు మీదే తగాదా ఉన్నవాడికి మారాల్సిన అవసరం అందరికంటే ఎక్కువ. సరిగ్గా అతడికే తలుపు మూసుకుపోతుంది.

ఇంకో మాట. నేను దగ్గరుండి చూసినవాటిలో పోర్టింగ్ ఆగిపోయింది ఎక్కువగా చిన్న కారణాలకే. పాత కంపెనీ రికార్డులో ఇంటిపేరు ఒకలా, కొత్త ఫారంలో ఇంకోలా ఉంటుంది. సిమ్ తండ్రి పేరు మీద ఉంటుంది, వాడేది కూతురు. ఆఫీసు ఇచ్చిన నంబరుకు ఆఫీసు అనుమతి పత్రం ఉండదు. కొత్త కంపెనీ దగ్గరికి వెళ్లేముందు, పాత కంపెనీ రికార్డులో మన వివరాలు ఎలా ఉన్నాయో చూసుకుని, అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇస్తే సగం బాధ తప్పుతుంది.

మారే ఆ కొన్ని గంటలు

నిర్ణయించిన వేళకు పాత కంపెనీ తన రిజిస్టర్లోంచి నంబరు తీసేస్తుంది, కొత్త కంపెనీ చేర్చుకుంటుంది, ఉమ్మడి డేటాబేస్ ఆ మార్పును మిగతా కంపెనీలన్నిటికీ పంపుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో జరగవు. మధ్యలో కాసేపు పాత సిమ్ మీద సిగ్నల్ పోయి, కొత్తది ఇంకా పట్టుకోక ఉంటాం. ఒక్కోసారి కొత్త సిమ్ నుంచి మనం ఫోన్ చేయగలం, వచ్చే కాల్స్ మాత్రం రావు. ఎందుకంటే చేసేటప్పుడు కొత్త కంపెనీకి మనం తెలుసు. వచ్చేటప్పుడు ఎదుటివాళ్ల కంపెనీ జాబితా ఇంకా పాతదే. రెండు కంపెనీల జాబితాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే కాల్ వాటి మధ్య అటూ ఇటూ తిరిగి తెగిపోతుంది. అందుకే చాలాచోట్ల ఈ పని రాత్రిపూట చేస్తారు.

కాల్స్ కుదురుకున్నాక కూడా ఓటీపీలు సతాయించడం మీరు చూసే ఉంటారు. బ్యాంకులు, యాప్‌లు మెసేజ్‌లను తామే పంపవు. మధ్యవర్తి సంస్థల ద్వారా పంపుతాయి. ఏ నంబరు ఏ నెట్‌వర్క్‌లో ఉందో ఆ సంస్థలు తమ దగ్గర ఒక నకలు ఉంచుకుంటాయి. ఆ నకలు తాజాగా లేకపోతే మెసేజ్ పాత కంపెనీకి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ముఖ్యమైన చెల్లింపు, ప్రయాణం, పరీక్ష దరఖాస్తు లాంటివి ఉన్న రోజున పోర్టింగ్ పెట్టుకోకండి. ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకుంటే ప్రాణం కుదుటగా ఉంటుంది. కొత్త కనెక్షన్ వచ్చాక వేరే నెట్‌వర్క్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురి చేత ఫోన్ చేయించుకుని, ఒక మెసేజ్ పెట్టించుకుని, ఒక ఓటీపీ తెప్పించుకుని చూడాలి. పాత సిమ్‌ను అప్పటిదాకా పారేయకూడదు.

వాట్సాప్ లాంటివాటికి పోర్టింగ్‌తో సంబంధం లేదు. వాటికి తెలిసింది నంబరే, ఆ నంబరు మారలేదు. యాపిల్ ఫోన్లలోని ఐమెసేజ్ మాత్రం కొత్త సిమ్ పెట్టగానే నంబరును మళ్లీ నమోదు చేసుకుంటుంది, కాసేపు ఓపిక పట్టాలి.

నంబరుతో పాటు రానివి

నంబరు వస్తుంది, దానికి అల్లుకున్నవి చాలావరకు రావు. ప్రీపెయిడ్ బ్యాలెన్స్, మిగిలిన డేటా పోతాయి. వాయిస్ మెయిల్‌లో దాచుకున్న మాటలు పోతాయి. దూరమైన మనుషుల గొంతు అందులో దాచుకున్నవాళ్లు ముందే వేరేచోట భద్రం చేసుకోవాలి. ఒకే ప్లాన్ కింద ఉన్న స్మార్ట్ వాచ్, ఇంటి బ్రాడ్‌బ్యాండ్, కుటుంబంలోని మిగతా సిమ్‌లు ఆ ప్లాన్‌లోంచి మనం తప్పుకోగానే ఏమవుతాయో ముందే కనుక్కోవాలి.

కాంట్రాక్టు, వాయిదాల మీద కొన్న ఫోన్ వేరే సంగతి. నంబరు తీసుకుపోయే హక్కు ఉన్నంత మాత్రాన కాంట్రాక్టు రద్దయిపోదు, మిగిలిన వాయిదాలు కట్టాల్సిందే. ఆ ఫోన్ పాత కంపెనీకి లాక్ అయి ఉంటే నంబరు మారినా అందులో కొత్త సిమ్ పనిచేయదు. లాక్ చేసిన ఫోన్ల అమ్మకాన్ని బ్రిటన్ 2021 డిసెంబర్ నుంచి నిషేధించింది. మిగతాచోట్ల ముందుగా లాక్ తీయించుకోవాలి.

నంబరు ఒక్కటే వస్తే ఎంత లోటో జపాన్ చెబుతుంది. అక్కడ మొబైల్ కంపెనీ ఇచ్చే ఈమెయిల్ చిరునామానే జనం రోజువారీ కబుర్లకు వాడేవారు. 2006లో నంబరు తీసుకుపోవచ్చు అన్నారు గానీ, కంపెనీ పేరుతో ముగిసే ఆ ఈమెయిల్ పోయేది. స్నేహితులందరి దగ్గరా ఉన్నది నంబరు కంటే ఆ ఈమెయిలే. మారాలన్న కోరిక ఉన్నా ఎంతోమంది అక్కడే ఆగిపోయారు. ఆ ఈమెయిల్‌ను కూడా వెంట తీసుకుపోయే ఏర్పాటు పెద్ద కంపెనీలు 2021 డిసెంబర్‌లో గానీ మొదలుపెట్టలేదు. మనిషిని కట్టిపడేసే ముడి ఒకటి విప్పితే, దాని పక్కన ఇంకొకటి ఉందని అర్థం కావడానికి పదిహేనేళ్లు పట్టింది.

దొంగకూ ఇదే దారి

మనకు తేలికైన ప్రతి మెట్టూ దొంగకూ తేలికే. మన వివరాలు ఎలాగో సంపాదించి, మనమే అన్నట్టు నటించి, మన నంబరును తన చేతిలోని సిమ్ మీదకు తెచ్చుకునే మోసాలు రెండు రకాలు. ఒకే కంపెనీలో నకిలీ సిమ్ తీయించుకోవడం ఒకటి, వేరే కంపెనీకి పోర్ట్ చేయించుకోవడం ఇంకొకటి. నంబరు దొరికిందంటే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. బ్యాంకు, ఈమెయిల్ ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటాయి. నంబరు పేరయిపోవడం వల్ల వచ్చిన ముప్పు ఇది. వట్టి చిరునామాగా ఉన్నన్నాళ్లు దాన్ని దొంగిలించి ఏం చేసుకుంటాడు?

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, ఫోన్ నెట్‌వర్క్ ద్వారా వచ్చే కోడ్‌ను ఆంక్షలతో మాత్రమే వాడాల్సిన పద్ధతుల జాబితాలో చేర్చింది. ఆస్ట్రేలియా 2020 ఏప్రిల్ చివరి నుంచి, నంబరు బదిలీకి ముందు అడిగింది అసలు యజమానేనా అని అదనంగా తేల్చుకోవాలని కంపెనీలను నిర్బంధించింది. అమెరికా నియంత్రణ సంస్థ 2023 నవంబర్‌లో అలాంటి నియమాలనే చేసింది. భారత్‌లో 2024 జూలై 1 నుంచి, సిమ్ పోయిందనో పాడైందనో కొత్తది తీసుకుంటే, ఏడు రోజులదాకా ఆ నంబరుకు పోర్టింగ్ కోడ్ ఇవ్వరు. నకిలీ సిమ్ తీసి, అసలు యజమాని తేరుకునేలోపే దాన్ని ఇంకో కంపెనీకి ఎగరేసుకుపోకుండా ఈ అడ్డు.

ఒకపక్క వేగం కావాలి. యూరోపియన్ యూనియన్ 2009లో చేసిన మార్పు ప్రకారం ఒక్క పనిదినంలో నంబరు కొత్త కంపెనీలో పనిచేయాలి. అమెరికాలో మొబైల్ నుంచి మొబైల్‌కు మామూలుగా కొన్ని గంటల్లోనే అయిపోతుంది. ఇంకోపక్క ప్రతి గంట ఆలస్యమూ అసలు యజమాని మేలుకోవడానికి దొరికే గంట. ఈ రెండింటిలో నేను కాస్త ఆలస్యం వైపే నిలబడతాను. ఒక రోజు ఆగడం వల్ల నాకు పోయేది తక్కువ, జీవితకాలం దాచుకున్న డబ్బు పోగొట్టుకునే మనిషికి ఆ ఒక్క రోజు అన్నీ.

మీరు అడగకుండా పోర్టింగ్ కోడ్ మెసేజ్ వస్తే దాన్ని ఎవరికీ చెప్పకండి, ఆ క్షణమే మీ కంపెనీకి తెలియజేయండి. ఎప్పుడూ సిగ్నల్ ఉండే చోట హఠాత్తుగా నో సర్వీస్ అని వచ్చి అలాగే ఉండిపోతే, టవర్ పోయిందనుకుని ఊరుకోకుండా వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత కంపెనీకి ఫోన్ చేయాలి. కంపెనీ ఖాతాకు విడిగా పిన్ పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. బ్యాంకు, ఈమెయిల్ లాంటివాటికి మెసేజ్ ఓటీపీ బదులు యాప్‌లో కోడ్ వచ్చే ఏర్పాటు ఉంటే దానికి మారండి.

ఆ నంబరును ఎప్పటికైనా వదిలేస్తే

పోర్ట్ చేసుకుని ఏళ్ల తరబడి వాడాక, ఒకరోజు ఆ నంబరు ఇక వద్దనుకున్నారనుకోండి. అప్పుడది మీరు చివరగా ఉన్న కంపెనీ దగ్గర ఉండిపోదు. కొంతకాలం ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచి, తర్వాత మొదట ఏ కంపెనీకి ఇచ్చిన కట్టలోదో ఆ కంపెనీకే తిరిగి పంపుతారు. అమెరికాలోనూ భారత్‌లోనూ ఇదే పద్ధతి. ఆ కంపెనీ దాన్ని ఇంకెవరికో ఇస్తుంది. మా బాబాయి పాత నంబరు కూడా అలాగే ఎవరి చేతికో చేరింది. చాలా నెలల తర్వాత అలవాటు కొద్దీ మా పిన్ని ఆ నంబరుకు ఫోన్ చేస్తే, ఎవరో చిన్న కుర్రాడు ఎత్తాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మీ ఆయన కోసం రోజుకు నాలుగు ఫోన్లు వస్తున్నాయండీ, బ్యాంకు మెసేజ్‌లు కూడా" అని చెప్పాడు. ఆ సాయంత్రమే బాబాయి బ్యాంకుకు వెళ్లి ఖాతాలోంచి ఆ నంబరు తీయించాడు. గ్యాస్, బీమా, పెన్షన్, ఈమెయిల్, ఇంకా ఎక్కడెక్కడ ఇచ్చాడో గుర్తు తెచ్చుకుంటూ ఒక కాగితం మీద రాయడం మొదలుపెడితే, ఆ జాబితా రెండు పేజీలు దాటింది.